ఇరవైకి ఒకరు తక్కువ

ఆ రోజులల్ల నాకు అచ్చుల పడ్డ మాట మీద మస్తు నమ్మకం ఉండె. పుస్తకంల ఉన్నదంటే అది జరిగి తీరుతదని, జరగకపోతే ఎవ్వలో ఒకలు పరేశానై లేచి జరిపిస్తరని అనుకునేటోన్ని. ఎనభైల ఆఖర్ల ముచ్చట ఇది. గోదావరిఖనిల మా వాడ మొత్తంల బీకాం పాసైనోన్ని నేనొక్కన్నే (థర్డ్ క్లాసుల, ఆ సంగతి ఎవ్వలు అడగలె, నేను చెప్పలె). మా బాపు బాయిల బొగ్గు నింపే పని చేసేటోడు. షిఫ్టు దిగి ఇంటికొస్తే కండ్లు, పండ్లు తప్ప ఇంకేం తెల్లగ కనవడకపోయేది. "నువ్వు బాయి దిగద్దు బిడ్డా, నీడకు కూసోని చేసే పని చూసుకో" అని ఆయన ఒకటే మాట. నేను నీడనే చూసుకున్న. నాకు దొరికిన నీడ రామగుండం దిక్కు పోయే తొవ్వల, వ్యాగన్లు నింపే రైల్వే సైడింగుల, పట్టాల పక్కన, ఒక రేకుల షెడ్డు. లారీలు తెచ్చి కుప్పపోసిన బొగ్గును వ్యాగన్లకు ఎక్కించే ముందు దాంట్లకెల్లి రాళ్ళు ఏరాలె. ఆ ఏరే పని ఒక కాంట్రాక్టరు పట్టుకున్నడు. ఏరేటోళ్ళంతా ఆడోళ్ళు. వాళ్ళ హాజరు రాసేటోన్ని నేను.

మా కాంట్రాక్టరుకు ఆడోళ్ళు చల్లసారు అని పేరు వెట్టిన్రు. రోహిణి ఎండల నిలవడ్డా ఆయన గొంతు లేవకపోయేది. "బిడ్డా" అనకుండ మాట మొదలువెట్టకపోయేది. తిట్టేటోని దగ్గర నౌకరి చేసుడే అల్కగ ఉంటదని నాకు తరువాత తెలిసింది గాని, అప్పుడు మాత్రం దేవుడసుంటి మనిషి దొరికిండని అందరికి చెప్పుకుంట తిరిగిన. ఆయన తరఫున సామాను, లారీలు, కాపలా అన్నీ చూసుకునేటాయనను అందరం మామూ అని పిలిచేటోళ్ళం. ఇంట్ల ఉర్దూ, మాతోని తెలుగు, లారీ ఇంజన్‌తోని మాత్రం రెండు భాషలల్ల బూతులు.

ఒకనాడు చల్లసారు నా ముంగట ఒక పసుపుపచ్చ అట్ట పుస్తకం, ఒక ప్రభుత్వపు ఉత్తరం వెట్టిండు. పది రోజులల్ల లేబర్ ఆఫీసరు తనిఖీకి వస్తడని ఉత్తరం. "ఇది కాంట్రాక్టు కూలీల చట్టమట బిడ్డా. ఇందుల ఏమున్నదో చూసి మనది మంచిగ కనవడేటట్టు చెయ్యి" అన్నడు. మంచిగ ఉండేటట్టు అనలేదు, కనవడేటట్టు అన్నడు. ఆ తేడా నాకు అప్పుడు చెవిన పడలె. నేను చూసింది ఒక్కటే: మొత్తం సైడింగుల ఇంగ్లీషు చట్టం చదవగలిగే మనిషి నేను!

డిక్షనరీ పక్కన వెట్టుకొని మూడు రోజులు చదివిన. తాగే నీళ్ళు, దెబ్బ తగిలితే మందుల పెట్టె, ఆడోళ్ళకు వేరే మరుగు, ఎక్కడెక్కడ ఏ కాయితం అతికియ్యాలె, అన్నీ రాసి ఉన్నయి. చట్టంల ముఖ్యమైన సంగతులు కూలీలకు అర్థమయ్యే భాషల రాసి గోడకు పెట్టాల్నని గూడ ఉన్నది. ఆ పని నేను ప్రాణం పెట్టి చేసిన. డ్రాయింగు షీటు తెచ్చి, రెండు రంగుల సిరాతోని, నాకొచ్చిన గొప్ప తెలుగంతా దించిన. "ఇరువదిమందియు ఆపైనను శ్రామిక స్త్రీలున్న యెడల ప్రతి నియోజకుడును వారి శిశువుల నిమిత్తము రెండు ప్రకోష్ఠములను ఏర్పరుపవలెను" అని రాసి, 'ప్రకోష్ఠము' కింద గీత గూడ గీసిన (ఆ ముక్కకు అర్థం ఏందని ఇప్పుడడిగితే నేను గూడ తడుముకుంట).

గోడకు పెట్టంగనే ఆడోళ్ళు వచ్చి చుట్టు నిలవడ్డరు. చదువొచ్చినోళ్ళు వాళ్ళల్ల ఒక్కలు లేరు. "ఏందే ఇది, సినిమా పోస్టరా?" అన్నది ఒకామె. నేను స్టూలెక్కి, గొంతు సవరించుకొని మొత్తం చదివిన. అందరు నా మొకం దిక్కు చూసిన్రు. అప్పుడు జైపూర్ అక్క ముందటికొచ్చింది. గోదావరి అవతల జైపూర్ దిక్కుకెల్లి వచ్చింది గనుక ఆమెకా పేరు. మొగడు దవాఖానల చనిపోయి రెండేండ్లు. మూడేండ్ల బిడ్డను ఎంబడి తెచ్చుకునేది. "తమ్మీ, గది దేవుని పాటలెక్క ఉన్నది. మనం మాట్లాడుకునే తీరుగ చెప్పు" అన్నది.

చెప్పిన. "ఇరవైమంది, అంతకు ఎక్కువ ఆడోళ్ళు పనిచేసే కాడ ఆరేండ్ల లోపల పిల్లల కోసం రెండు అర్రలు కట్టియ్యాలె అక్కా. ఒకటి ఆడుకునేదానికి, ఒకటి పండుకునేదానికి. ఆడుకునే అర్రల బొమ్మలు, పండుకునే అర్రల మంచాలు, బొంతలు."

మొదలు ఒకలు కిసుక్కుమన్నరు. అంతే, అందరు కడుపులు పట్టుకొని బొగ్గుకుప్ప మీద పడి నవ్వుడు. "రెండు అర్రలా! మా ఇంట్ల మొగడు, అత్త, నేను, నలుగురు పిల్లలు, మేక, అందరికి ఒక్కటే అర్ర!" "ఓ తమ్మీ, నన్ను గూడ ఆరేండ్లని రాసుకో!" నేను గూడ నవ్విన. జైపూర్ అక్క ఒక్కతే నవ్వలె.

ఎందుకు నవ్వలేదో చెప్పాలె. దానికి నెల ముందట, ఎండకు ఆగలేక ఆమె బిడ్డ ఆగి ఉన్న వ్యాగను కిందికి నీడకని దేకింది. గదే సమయానికి అవతల ఇంజను వచ్చి తాకింది. వ్యాగన్లన్నీ ఒక్క కుదుపుకు కదిలినయి. మామూ ఉరికి, పిల్ల కాలు దొరకవట్టి ఇవతలికి గుంజిండు. మోకాలు గీసుకపోవుడు తప్ప ఏం కాలె. ఆ దినం గూడ జైపూర్ అక్క పని ఆపలె. నేను షెడ్డుల కూసోని, ఇది ప్రమాదాల రిజిస్టర్ల రాయాల్నా వద్దా అని మస్తు ఆలోచించిన. ఏం కాలేదు గనుక రాయనక్కరలేదని తేల్చుకొని సంతోషపడ్డ.

"మేం ఎంతమందిమి తమ్మీ?" అని అడిగింది జైపూర్ అక్క.

"ఇరవై ముగ్గురు."

"అయితే మాకు రావాలె గదా."

రావాలె. వచ్చింది గూడ. ఆఫీసరు వచ్చేదానికి వారం ముందట మామూ సిమెంటు సంచుల గోదాము ఖాళీ చేపిచ్చి, నడుమ లారీ మీది తాటిపత్రి వేలాడగట్టి, ఒక్క గదిని రెండు చేసిండు. "దేఖో మియా, ఇటు ఆట, అటు నిద్ర. నడుమ పరదా. నవాబుల ఇండ్లల్ల గూడ గిట్లనే ఉంటది" అన్నడు. వాళ్ళింటికెల్లి రెండు నులక మంచాలు తెచ్చి వేసిండు. నేను అంగడికి పోయి ఒక రబ్బరు బంతి, ఒక కట్టె బండి, గొర్రెనో గుర్రమో తెలవని ఒక మట్టిబొమ్మ కొనుక్కొచ్చిన. పని చేతగాని ఒక ముసలవ్వను పిల్లలకాడ కూసోబెట్టినం. చూపియ్యడానికి చేసిందే గాని, పిల్లలకు ఆ సంగతి తెల్వదు గదా! పొద్దుగాలే వచ్చి బండికోసం కొట్లాడుకునేటోళ్ళు. జైపూర్ అక్క బిడ్డ మంచమెక్కితే దిగకపోయేది. ఆ వారం రోజులు ఆడోళ్ళు మాటిమాటికి పట్టాల దిక్కు తలతిప్పకుండ పనిచేసిన్రు. పాటలు గూడ పాడిన్రు. రోజుకు ఎన్ని తట్టలు ఎక్కువ నిండుతున్నయో మామూ చూసి, "సారుకు చెప్పాలె, ఇదేదో ఫాయిదా పనే" అన్నడు. అది చూసి నాకేమనిపించింది? ఇదంతా నా డ్రాయింగు షీటు మహిమ అనిపించింది.

తనిఖీ దినం ఆఫీసరు జీపుల వచ్చిండు. ఎండల నాలుగు చోట్లు తిరిగి అలసిపోయిన మనిషి. గోడ మీది కాయితం చూసి కండ్లజోడు సర్దుకొని, "ఎవరు రాసింది? చేతిరాత బాగుంది" అన్నడు. నేను రెండంగుళాలు పెరిగిన. మందుల పెట్టె తెరువుమన్నడు. పుస్తకంల చెప్పినవి ఒక్కటి తప్పకుండ నేనే సర్దిన. తెరిస్తే పైన మామూ జర్దా డబ్బా, గడ్డం గీసుకునే బ్లేడు ఉన్నయి. "జర్దా దేనికి మందు?" అని ఆఫీసరు అడిగితే, మామూ చేతులు కట్టుకొని, "పంటి నొప్పికి సాబ్" అన్నడు. ఆయన గూడ నవ్విండు. అంతా మంచిగనే పోతున్నది. ఆఖరుకు పిల్లల గదిల తొంగిచూసి, బయట నిలవడ్డ జైపూర్ అక్కను, "ఇది ఎప్పటినుంచి ఉందమ్మా?" అని అడిగిండు.

ఏడాది సంది ఉన్నదని చెప్పాల్నని ఆడోళ్ళందరికి నేనే నేర్పిన. ఒక్కొక్కలతోని రెండుసార్లు అనిపించిన.

"వారం రోజుల సంది సారూ" అన్నది ఆమె. చల్లసారు మీద చాడి చెప్పినట్టు గూడ అనలె. "మంచిగున్నది. మీరు పోయినంక తీస్తరేమో. తియ్యద్దని చెప్పుండ్రి."

ఆఫీసరు ఆమెను చూసిండు, చల్లసారును చూసిండు, ఏదో రాసుకున్నడు. నెల రోజులల్ల పక్కా గదులు రెండు కట్టాలె, మళ్ళ వచ్చి చూస్త అని కాయితం ఇచ్చి జీపెక్కిండు.

చల్లసారు ఎవ్వల్ని ఏం అనలె. షెడ్డుల కూసోని మంచినీళ్ళు తాగి, "ఇక్కడ జాగ మనది కాదు బిడ్డా, గదులు ఎక్కడ కట్టాలె?" అని నెమ్మదిగ అన్నడు. ఆ మొకం చూస్తే నాకు పాపమనిపించింది. పాపంకంటె ఎక్కువ, నాకు తెలిసింది చెప్పకుండ ఉండలేకపోయిన. "సార్, ఇరవై మంది ఉంటేనే గదులు. అంతకు ఒక్కలు తక్కువున్నా అసలు అక్కరనే లేదు" అన్న.

నన్ను ఎవ్వలు అడగలె. ఇది మాత్రం మీకు గట్టిగ చెప్తున్న.

ఆయన గ్లాసు కింద వెట్టి, నా భుజం తట్టి, "చదువుకున్నోడు చదువుకున్నోడే" అన్నడు. సైకిలు మీద ఇంటికి పోతుంటే పెడలు తొక్కినట్టే లేదు. బాపు అన్నం తింటుంటే మొత్తం చెప్పిన, చట్టంల సందు ఎట్ల పట్టిన్నో, సారు ఎట్ల మెచ్చుకున్నడో. బాపు చెయ్యి కంచంల ఆగింది.

"మరి ఆ పిల్లగాండ్లు యాడుంటరు?"

"అది చట్టంల లేదు బాపు" అన్న.

ఆయన సగం అన్నం మీదనే లేచి చెయ్యి కడుక్కున్నడు.

తెల్లారి చల్లసారు నాతోని జాబితా రాయమన్నడు. ఇరవై ముగ్గురిల నలుగురు తగ్గాలె. "జైపూర్ ఆమెను మొదలు రాయి బిడ్డా. చిన్నపిల్లతోని ఆమెకు గూడ కష్టమే గదా. తక్కిన ముగ్గురు నీ ఇష్టం" అన్నడు. నా ఇష్టం! నేను గంటసేపు ఆలోచించి, చంటిపిల్లలున్న ముగ్గురిని రాసిన. పిల్లలే రాకపోతే గది లేదన్న బాధే ఉండదని నా లెక్క. మంచి చేతిరాతతోని రాసిన. ఆఫీసరు మెచ్చుకున్న చేతిరాత.

పేర్లు చదివినప్పుడు ఆ ముగ్గురు ఏడ్చిన్రు, ఒకామె నన్ను, నా వంశాన్ని తిట్టింది. ఆ తిట్లు నాకిప్పుడు ఒక్కటి యాదికి లేవు. జైపూర్ అక్క తిట్టలె. బిడ్డను చంకల వేసుకొని షెడ్డు కాడికి వచ్చి, గోడ దిక్కు చూసింది.

"తమ్మీ, ఇరవైకి తక్కువైతే ఇయ్యనక్కరలేదన్నది గూడ ఆ కాయితంల ఉన్నదా?"

"ఆ మాటలనే ఉన్నది అక్కా. ఇరవైమంది ఉంటేనే అని."

"మరి మాకు చెప్పినప్పుడు గట్ల చెప్పలేదు. ఇరవైమందిమి ఉన్నం, వస్తది అన్నవు. ఇరవైమందిని ఉండనియ్యకపోతే రాదని అప్పుడే చెప్తే నేను నోరు మూసుకుంటుంటి గదా."

నేను బల్ల మీది రిజిస్టరు తెరిచి, ఏదో రాస్తున్నట్టు చేసిన. ఆమె కమాన్‌పూర్ దిక్కు ఇటుకబట్టీల పని దొరుకుతదేమో చూస్త అని చెప్పి పోయింది. ఎందుకు చెప్పిందో తెల్వదు. అడిగేటోళ్ళు ఇంకెవ్వలు లేకనేమో.

నెలకు ఆఫీసరు వచ్చిండు. ఆడోళ్ళను నిలవెట్టి తనే లెక్కవెట్టిండు. పందొమ్మిది. మళ్ళొకసారి లెక్కవెట్టిండు. నన్ను ఒక చూపు చూసి, సంతకం పెట్టి పోయిండు. అదే దినం మామూ మంచాలు ఇంటికి మోసుకపోయిండు. తాటిపత్రి లారీ మీదికి ఎక్కింది. పోంగ పోంగ మామూ నాతోని అన్నడు, "మియా, నేను బూతులు నేర్చుకున్న, నువ్వు కానూను నేర్చుకున్నవు. నాదే నయం."

ఆ తరువాత నేను చట్టాలతోనే బతికిన. పట్నంల పెద్ద పెద్ద ఫ్యాక్టరీల యజమానులకు కార్మిక చట్టాలు ఎట్ల పాటించాల్నో క్లాసులు చెప్పిన, తలపండింది. ఈ కథ గూడ చానాసార్లు చెప్పిన. చెప్పినప్పుడల్ల చివరికి, ఆ దినమే పసుపుపచ్చ పుస్తకం చల్లసారు బల్ల మీద విసిరికొట్టి బయటికి నడిచిన్నని చెప్పేటోన్ని. వినేటోళ్ళకు అక్కడ కండ్లు తడిసేవి. ఒకరిద్దరు వచ్చి చెయ్యి గూడ కలిపిన్రు.

విసిరికొట్టలె. ఇరవై రెండేండ్ల ఆ బక్క పిలగాడు, పాపిడి పక్కకు దువ్వుకొని, జేబుల రెండు పెన్నులు పెట్టుకొని, తెల్లారి ఎనిమిదింటికే డ్యూటీకి పోయిండు. ఇంకో రెండేండ్లు పోయిండు. చల్లసారు మెచ్చి వానికి చేతులున్న కుర్చీ తెప్పిస్తే, మొదటి దినం దాంట్ల కూసోని రెండు చేతులు రెండు దిక్కుల చాపి, ఎవ్వలన్న చూస్తున్నరా అని బయటికి చూసిండు. వాన్ని తలుసుకుంటే నాకిప్పుడు నవ్వొస్తది. తిడదామంటే నోరు రాదు. నాకు తెలిసినోడు గదా.