సున్నా కొస

తిరుపాలు టేపు పట్టుకుని వీధిలోకి వస్తే కుక్కలు కూడా లేచి దారి ఇచ్చేవి. అప్పటికి ముప్ఫై ఏళ్లుగా ఆయన మా వార్డు ఆఫీసులో ఇళ్లు కొలిచే మనిషి. నేను ఆస్తిపన్ను ఉద్యోగంలో చేరి అప్పటికి రెండేళ్లే. ఆయనకో పద్ధతుండేది. టేపు సున్నా కొస ఎప్పుడూ ఇంటివాళ్ల చేతికే ఇచ్చేవాడు.

"వాళ్ల నేల వాళ్లే పట్టుకోవల్ల మేడం. అనుమానం రాదు" అనేవాడు.

కొలుస్తూ కొలుస్తూ మధ్యలో ఆగిపోయేవాడు, కళ్లు సగం మూసుకుని. "ఇక్కడ రాగిచేను ఉండె. మీరు నిలబడింది గట్టు మీద." బెంగళూరు మారతహళ్ళి వెనక సిమెంటు రోడ్డు మీద గట్టెక్కడిది? అయినా ఎందుకో పక్కకి జరిగేదాన్ని.

మా లెక్క చెప్పడానికి తేలిక. సర్కారు ఏ వీధి నేలకు ఎంత విలువ కడుతుందో దాన్నిబట్టి ఆ వీధికో తరగతి. ఆ తరగతి రేటును ఇంటి చదరపుటడుగులతో హెచ్చిస్తే పన్ను. పిల్లమ్మ అని ఒకామె ఉండే వీధి చివర అద్దాల మేడలు లేచాయి. ఆమె వేలైనా కదపకుండానే ఆమె రేకుల ఇల్లు పై తరగతికి పోయింది. అది చాలదన్నట్టు, ఆ ఏడు ఆకాశం నుంచి తీసిన ఫొటోలో ఆమె ఇంటి పక్కన ఇంకో పెద్ద కప్పు కనబడింది. చెప్పకుండా కట్టిన గది అనుకుని నోటీసు పంపాను.

పిల్లమ్మ ఆ కాగితంతో ఆఫీసుకొచ్చింది.

"అది చిక్కుడు పందిరి అంబికమ్మా. కప్పని రాస్తే అంత పన్ను నేనెట్ల కట్టేది? పీకేయాల్సిందే. ఆ కాయలు అమ్ముకునే బతుకుతా ఉండాను."

నేను ఫొటోనే నమ్మాను. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. తిరుపాలు మాత్రం నెమ్మదిగా అన్నాడు. "కింద మనిషి వానకు తడవకుంటేనే కప్పు. వచ్చి నిలబడండి మేడం."

వెళ్లి పందిరి కింద నిలబడ్డాను. ఊదారంగు పూలు. ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా నా చీర మీద కదులుతోంది. రింగు రోడ్డు హోరు ఏ లోకానిదో అనిపించింది. ఎందుకొచ్చానో మరిచిపోయాను. అప్పుడు పిల్లమ్మ ప్రహరీ ఎక్కి బిందెడు నీళ్లు పందిరి మీద కుమ్మరించింది.

"కప్పా మేడం?" అన్నాడు తిరుపాలు, నవ్వాపుకుంటూ.

చదవేస్తే ఉన్న మతి పోయిందని నాలాంటివాళ్లనే అంటారు. ముద్దగా తడిసిన చేత్తోనే ఫైలులో "కప్పు కాదు, పందిరి" అని రాసి సంతకం పెట్టాను. పిల్లమ్మ కళ్లు తుడుచుకుని, గుప్పెడు విత్తనాలు కాగితంలో చుట్టి తిరుపాలుకిచ్చింది.

"నీ ఇంటికాడ వేసుకో అప్పా."

"నాకు నేలెక్కడిదమ్మా" అంటూ ఆయన పొట్లం జేబులో వేసుకున్నాడు. ఊరందరి నేలా కొలిచిన మనిషికి ఊరవతల జిగణిలో అద్దె గది తప్ప ఏమీ లేదని నాకు ఆ రోజే తెలిసింది.

ఆయన రిటైరయ్యాక ఒక ఆదివారం రమ్మని పిలిస్తే వెళ్లాను. ఆ గది పైన మిద్దె మీద, పెయింటు బకెట్టులో చిక్కుడు తీగ, దాని కోసం కట్టిన చిన్న పందిరి. ఆఫీసు పారేసిన పాత టేపు తీశాడు. సున్నా కొస తనే పట్టుకుని, రెండో కొస నా చేతికిచ్చి పందిరి కొలవమన్నాడు.

"ఐదడుగులు. రాసుకోనా?" అని వేళాకోళమాడాను.

"రాయొద్దు మేడం" అన్నాడు, కొస వదలకుండా. "ఇంకోసారి గట్టిగా చదవండి."