నైరుతి కన్నం

బర్నర్లు బిగించే సుమ్మాదేవి ఊరి వరహాలుకి కుడికన్ను మీద కనుబొమ లేదు. వయసులో ఉండగా ఏదో మిల్లులో బర్నరు అంటుకోకపోతే, ఆగకుండా మళ్ళీ స్విచ్చి నొక్కాడట. లోపల నిలిచిన నూనె ఆవిరి భగ్గుమంది. అప్పటినుంచి ఐదు నిమిషాలు ఫ్యాను తిప్పి, ఆవిరంతా పొగగొట్టం గుండా పోయాకే మళ్ళీ ముట్టించేవాడు. ఆ ఐదు నిమిషాలూ ఎవరు తిట్టినా వెలిగించని బీడీ కొరుకుతూ నవ్వేవాడు. అలాంటి నవ్వుతో అతను చెప్పే కబుర్ల కోసం నేను పలాసలో రెండు రైళ్ళు వదులుకున్నాను.

2003లో వైకుంఠరావు తన జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలుడికించే బాయిలరుకి డీజిల్ బర్నరు పెట్టించాడు. అంతదాకా కాల్చిన జీడితొక్కల పొగకి వీధివాళ్ళు గొడవపడుతున్నారు మరి. వరహాలు మూడు రోజులు బిగించాడు. గొట్టాల జాయింట్లకి పాత పేపరు చుట్టి, నూనె మరక కనిపిస్తే మళ్ళీ విప్పి బిగించేవాడు.

నాలుగో రోజు పది గంటల పన్నెండు నిమిషాలకి ముహూర్తం. టెక్కలి చుట్టాలు దిగారు. బాయిలరు గదిలో అడుగుపెట్టిన వరహాలు గోడ అడుగున తాను పెట్టించిన గాలికన్నం కోసం చూశాడు. అక్కడ కొత్త ఇటుకలు.

"ఇదెవులు మూసినారు బాబూ?"

"సిద్ధాంతిగారు. నైరుతిలో కన్నం యజమానికి అరిష్టమట. ముట్టించరా, టైమైపోతంది."

"గాలి సాలకపోతే విసప్పొగ గదిలోకే తిరిగొత్తది. గోడవతల నలభైమంది ఆడోళ్ళు పప్పు వలుత్తన్నారు. నాను ముట్టించను."

"అయితే సంచి సర్దుకో. మళ్ళీ ఈ గేటు తొక్కకు."

పలాసలో ఫ్యాక్టరీల వాళ్ళంతా ఒకరికొకరు చుట్టాలే. ఒక గేటు మూస్తే అన్నీ మూసినట్టే. వరహాలు సంచి ఎత్తుకున్నాడు.

నిప్పుకి వాయుసఖుడని పేరు పెట్టారు పాతవాళ్ళు. వాస్తువాళ్ళు ఆ స్నేహితుణ్ణి ఏ మూల కూర్చోబెట్టాలా అని ఇంకా కొట్టుకుంటున్నారు.

"ఏటి మావా, కొబ్బరిముక్కైనా తినకుండా పోతన్నావు?" అంది పప్పు వలిచేవాళ్ళ మేస్త్రి నూకరత్నం.

వరహాలు ఆగాడు. సంచి దించి, నూనె కట్టేసి, గదిలో గాలిని పొగగొట్టంలోకి తోసే ఫ్యాను ఒక్కటే వేశాడు. బయటికి వచ్చి తలుపు మూశాడు. పూజపళ్ళెంలోని అగరుబత్తి తీసి గడప దగ్గర పెట్టాడు. పొగ దారంలా తలుపు కిందనుంచి లోపలికి పరుగెత్తింది.

"తలుపు తియ్యండి బాబూ."

వైకుంఠరావు ఒక చేత్తో లాగాడు. రాలేదు. లోపల ఎవరో పట్టుకున్నట్టే ఉంది. రెండు చేతులా లాగితే వచ్చింది.

"ఓలమ్మో!" అంది నూకరత్నం. "ఆ గదికే ఊపిరాడతన్నేదు. అరిట్టం మీకొక్కరికే అనుకుంటన్నారు, మా అందరికీ సుట్టబెట్టీసినారు గదా బాబూ!"

టెక్కలి చుట్టాలు నవ్వారు. వైకుంఠరావు నవ్వలేదు గాని, గునపం తెమ్మన్నాడు.

ఇటుకలు తీసేసరికి ముహూర్తం దాటి దుర్ముహూర్తం వచ్చింది. మొదటిసారి అంటుకోలేదు. వరహాలు ఫ్యాను తిప్పి ఐదు నిమిషాలు కూర్చున్నాడు, ఈసారి ఎవరూ తిట్టలేదు. రెండోసారి మంట నిలిచింది. పొగగొట్టం మీది పొగ పలచబడే దాకా గాలి సరిచేశాడు.

తరువాత వైకుంఠరావు కొత్త బర్నరు చూడవచ్చిన చుట్టాలందరికీ, నైరుతిలో ఆ కన్నం సిద్ధాంతిగారే పెట్టించారని చెప్పుకునేవాడు. వాళ్ళూ తమ బాయిలరు గదులకి కన్నాలు పెట్టించి, బర్నర్లు బిగించడానికి వరహాలునే పిలిచేవారు.

"నీకు కోపం రాలేదూ?" అన్నాను వరహాలుతో.

"ఎందుకు బాబూ? కన్నం నాను పెట్టమంటే మూసీసినారు. సిద్ధాంతి పెట్టమన్నాడంటే ఇంకెవులు మూత్తారు?"