బావను తిట్టనివ్వని ఆట

గోల్ఫ్ ఆడే మైదానాన్ని నేనెప్పుడూ కళ్ళతో చూడలేదు. చూడాలన్న కోరికా లేదు. అయినా ఆ ఆట మీద నాకున్నంత కోపం ఈ నెల్లూరు జిల్లాలో ఇంకెవరికీ ఉండదని పందెం కాస్తాను. అసలు గోల్ఫ్ మీద కాదులెండి, ఫోన్లో ఆడే బొమ్మల గోల్ఫ్ మీద.

కాలువ గట్టు మీద జారి చీలమండ విరగ్గొట్టుకుని నేను అల్లూరులో మంచమెక్కినప్పుడు మా అమ్మాయి దాన్ని నా ఫోన్లో పెట్టింది. పొద్దస్తమానం సీరియళ్ళను తిడుతూ కూర్చునే బదులు ఇది ఆడుకోమంది. చూస్తే చిన్నపిల్లల ఆట. లంగా కట్టిన నక్క, టోపీ పెట్టిన ఎలుగుబంటి, కళ్ళజోడు బాతు తలా ఒక కర్ర పట్టుకుని నిలబడి ఉంటాయి. మనకు నచ్చినదాన్ని ఎంచుకుని, వేలితో వెనక్కి లాగి వదిలితే బంతి ఎగిరిపోతుంది. దూరంగా జెండా పాతిన చోట ఒక కన్నం ఉంటుంది. ఎంత తక్కువ దెబ్బల్లో బంతి అందులో పడితే అంత గొప్ప. నేను నక్కను తీసుకున్నాను.

మొదటి రోజే నాకు దాని మీద అభిప్రాయాలు ఏర్పడ్డాయి. కనుచూపు మేర పచ్చిక, అందులో మేసే బర్రె ఒక్కటి లేదు. అంత గడ్డిని అట్లా వృథాగా వదిలేసినవాడికి పశువు విలువ తెలియదని అర్థం. బంతి ఇసుకలో పడితే శిక్షట. ఇసుకలో నడక నేర్చినదాన్ని, ఇసుకను చూసి భయపడాలట నేను. ఇవన్నీ పోనీలే అనుకోవచ్చు. భరించలేనిది దాని మర్యాద. బంతి నీళ్ళలో పడితే కప్ప ఒకటి పైకి తెచ్చిచ్చి, వంగి దండం పెట్టి ‘ఫర్వాలేదు!’ అంటుంది. ఓడిపోతే కుందేళ్ళు వరసగా నిలబడి చప్పట్లు కొట్టి ‘చక్కని యత్నం!’ అంటాయి. ఏం ఫర్వాలేదు? నీళ్ళలో పడింది నా బంతి. ఓడిపోయింది నేను. ఓడినవాళ్ళను నాలుగు మాటలు అనాలి. అంటేనే పౌరుషం వచ్చి మళ్ళీ ఆడతారు. చప్పట్లు కొడితే ఎవరికి కావాలి?

ఇక్కడ మా బావ సంగతి చెప్పకపోతే నా కోపం మీకు అర్థం కాదు. బావ మా మేనమామ కొడుకు. మా అక్కను చేసుకున్నాడు. కోట అనే ఊళ్ళో కాపురం, ఆ పక్కనే రొయ్యల గుంటలున్నాయి. నాకు మాటలు వచ్చినప్పటి నుంచీ మేమిద్దరం తిట్టుకుంటూనే ఉన్నాం. పెళ్ళిపీటల మీద కూర్చుని కూడా, ఈ పొట్టిదాన్ని కొసరుగా అంటగట్టరు గదా అని పురోహితుణ్ణి అడిగాడు. కొసరు ఇచ్చేది మంచి బేరానికి, నీలాంటి పుచ్చు వంకాయకు కాదని నేను అందరిముందే అన్నాను. అక్క తల వంచుకుని నవ్వాపుకోలేక అవస్థ పడింది. వరసైనవాళ్ళ మధ్య తిట్టు అంటే మంచినీళ్ళు ఇచ్చినంత మామూలు. మా వైపు మరదలు బావను మర్యాదగా పలకరించిందంటే రెండిళ్ళ మధ్య ఏదో చెడిందని లెక్క.

పోయిన సంవత్సరం అక్క పోయింది. జ్వరమని నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు, మళ్ళీ నడిచి ఇంటికి రాలేదు. ఆ తర్వాత బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. గుంటలు తమ్ముడి చేతిలో పెట్టేశాడు. వచ్చేవాళ్ళు వస్తున్నారు, పోయేవాళ్ళు పోతున్నారు. అంతా దేవుడి నిర్ణయం, ధైర్యంగా ఉండాలి, మీరు పెద్దవారు మీకు చెప్పేదేముంది అని ప్రతి ఒక్కరూ ఆ నాలుగు ముక్కలే చెప్పేవారు. ఫోన్ మోగినా అవే మాటలని బావ ఫోన్ ఎత్తడం మానేశాడు. కర్మకాండలన్నీ అయ్యేదాకా నేనక్కడే ఉన్నాను గానీ నాకూ నోరు పెగల్లేదు. తిరిగొచ్చాక కాలు విరిగింది.

మంచంలో ఉండగా బావ కోడలికి ఫోన్ చేసి, ఈ గోల్ఫ్‌ను మీ మామ ఫోన్లో కూడా పెట్టమ్మా అన్నాను. పాపం, పెట్టింది. ఆయన ఎలుగుబంటి అయ్యాడు. పొద్దున ఒక దెబ్బ, సాయంత్రం ఒక దెబ్బ. మాటా పలుకూ లేదు. బొమ్మ కింద ఏదైనా రాసి పంపుకునే చోటు ఒకటుంది. ఒకరోజు ఆయన బంతి వరసగా నీళ్ళలోనే పడుతుంటే నా నోరు ఆగలేదు. ‘నీ జిమ్మడ, జెండా కనపడలేదా, కళ్ళు అరుగు మీద పెట్టి వచ్చావా’ అని రాశాను. చాలాసేపటికి జవాబు వచ్చింది. ‘నోరు మూసుకో’ అని. ఆ రెండు మాటలు చూసి నేను మంచం మీద కూర్చుని ఏడ్చాను.

అక్కడి నుంచి మళ్ళీ మొదలైంది. నేను తిట్టేదాన్ని, ఆయన ఆలోచించి ఆలోచించి తిట్టేవాడు. రోజురోజుకూ ఆయన తిట్లలో పదును పెరిగింది. ఒక మధ్యాహ్నం ఆయన బంతి వచ్చి కన్నం పక్కనే ఉన్న నా బంతిని గుద్ది అవతలికి తోసేసింది. ఒళ్ళు మండిపోయింది. ‘నీ దుంపతెగ, ఈసారి దొరికితే ముక్కలు ముక్కలుగా నరికి నీ గుంటల్లోనే రొయ్యలకు మేతగా వేస్తా’ అని రాశాను. దానికి ఆయన, ‘నీ నోటి గాలి సోకితే నా గుంటలకు తెల్లమచ్చ వస్తుంది, ఆ వైపు రాకు’ అన్నాడు. తెల్లమచ్చ అంటే గుంటకు గుంట తుడిచిపెట్టుకుపోయే జబ్బు. రొయ్యల రైతు పీడకలలో కూడా తలుచుకోడు. దాన్ని పట్టుకుని బావ పరాచికమాడాడు. పైగా ‘నా గుంటలు’ అన్నాడు. ఆ సాయంత్రం చొక్కా వేసుకుని గుంటల వైపు వెళ్ళాడని కోడలు ఫోన్ చేసి చెప్పింది. అక్క పోయాక అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున ఆట తెరిస్తే నా నక్క నోటికి బొమ్మ తాళం వేసి ఉంది. కింద ఏ దేశపు తెలుగో తెలియని తెలుగులో రాశారు. నేను మరొక ఆటగాడిని హింసిస్తానని బెదిరించానట. ఆయన క్షేమం కోసం మా ఇద్దరినీ శాశ్వతంగా విడదీశారట.

ఎవరి క్షేమం? మా బావను నా నుంచి కాపాడడానికి వీళ్ళెవరు? ఆయన గోడవైపు తిరిగి పడుకున్నప్పుడు వీళ్ళ కప్పా కుందేళ్ళూ ఎక్కడున్నాయి? ఆయన్ను మంచం మీంచి లేపి చొక్కా తొడిగించింది ఆ మేత మాటే గదా! ఫిర్యాదు పంపితే మర రాసిన జవాబే వచ్చింది, మీ భావాలను గౌరవిస్తున్నామని. నా భావాలను ఎవడు గౌరవించమన్నాడు, నా బావను నాకు కలపండిరా అంటే!

ఆ ఆట గురించి జనం రాసిన అభిప్రాయాలన్నీ కూర్చుని చదివాను. రంగులు బాగున్నాయని ఒకరు, ప్రకటనలు ఎక్కువయ్యాయని ఒకరు, బంతికి బరువు చాలలేదని ఇంకొకరు. ఎవరో మహాతల్లి, ఎవరూ ఎవరినీ పల్లెత్తు మాట అనలేరు కాబట్టి చాలా మంచి ఆట అని అయిదు నక్షత్రాలు ఇచ్చింది. నేను ఒకే నక్షత్రం ఇచ్చాను, అదీ అంతకు తగ్గించడానికి వీల్లేక. ఈ ఆటలో బంతికి బరువు లేకపోతే పోయింది, మనుషులకు వరస లేదు, బావామరదళ్ళ మాటా ఖూనీకోరు మాటా ఒకటే అనుకునేవాళ్ళు మనుషుల మధ్య ఆటలు పెట్టకూడదు అని చెప్పి, ఇంగ్లీషులో రాయమని మా అమ్మాయికిచ్చాను. నా బిడ్డ ఏం రాసిందో తర్వాత తెలిసింది. ఆట బాగుంది, మాట్లాడుకునే సౌకర్యం మెరుగుపరచగలరు అని రాసింది. కడుపున పుట్టినదానికి కూడా ఆ కప్ప మర్యాద అంటుకుంది.

సరే, ఇంకో పేరుతో మళ్ళీ చేరాను. ఈసారి బాతును. ‘కొసరు’ అన్న పేరు చూసి నేనేనని బావ పోల్చుకున్నాడు, ఆటకు ఒప్పుకున్నాడు. కానీ కొత్తగా చేరినవాళ్ళకు సొంతంగా రాసే హక్కు లేదట, వాళ్ళు అచ్చువేసి పెట్టిన మాటల్లోంచే ఒకటి నొక్కాలట. బావ దెబ్బ ఘోరంగా పక్కకు పోయింది. నా నోట్లో ఏముందో నాకు తెలుసు, నొక్కడానికి ఉన్నది మాత్రం ‘చక్కని యత్నం!’ ఒక్కటే. ఏదీ పంపకపోతే అలిగాననుకుంటాడేమోనని అదే పంపాను. ఆ తర్వాత ఎలుగుబంటి కదల్లేదు. చూసి చూసి కోడలికి ఫోన్ చేశాను.

“మామయ్య మళ్ళీ గోడపక్కకు తిరిగి పండుకున్నారు చిన్నత్తా. మీ ఫోన్ పాడయి అట్టాంటి మాట వచ్చిందంట అని నేను చెప్పినా, వినలేదు. ఆ పొట్టిది కూడా నన్ను పరామర్శించేదానికి మొదలుపెట్టింది అన్నారు. అన్నం కూడా వద్దంటా ఉండారు.”

ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టమన్నాను. పెట్టింది. కోడలి చేతిలో ఉన్న ఫోన్లోంచి మామను తిట్టే మరదలు ఎక్కడైనా ఉంటుందా? ఎట్లా ఉన్నావు బావా అని మాత్రం అనగలిగాను. ఆయన దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడని కోడలు చెప్పింది.

కాలికి కట్టు ఇంకా విప్పలేదు. మా ఆయన వద్దంటే వద్దన్నాడు. విననని తెలిసి కారు మాట్లాడాడు. అల్లూరు నుంచి నెల్లూరు, అక్కడి నుంచి వెంకటాచలం మీదుగా పెద్ద రోడ్డు పట్టుకుని పోతున్నంతసేపూ నేను ఆ ఆట తయారుచేసినవాళ్ళ వంశాన్ని పేరుపేరునా తలుచుకున్నాను. డ్రైవర్ అద్దంలోంచి నన్ను చూడడం మా ఆయనకు నామోషీ అయింది.

కోటలో బావ ఇంట్లో, ఆయన అన్నం మానేశాడని తెలిసి వచ్చిన ఇద్దరు ముగ్గురు బంధువులు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. నేను కర్ర ఊతంగా పట్టుకుని గదిలోకి వెళ్ళాను.

“ఏంది బావా, ఆ గోడకేమన్నా వెన్న పూసినారా, మూతి ఆనించుకుని నాకతా ఉండావు?”

బంధువుల్లో ఒక పెద్దామె, ఇదేం పద్ధతమ్మా, ఇంట్లో దుఃఖం ఉంటే అని అడ్డొచ్చింది. ఆమెనూ కలిపి తిట్టాను. ఆయన గడ్డాన్ని, మాసిన పంచెను, తమ్ముడి మీద వదిలేసిన గుంటలను, ఎలుగుబంటికున్న పాటి బుద్ధి కూడా లేని ఆ ఆటను, దేన్నీ వదల్లేదు. నోటికి అదుపు లేకుండా పోయింది. ఆ ఊపులో ఎప్పుడూ అనే మాటే నాలిక మీదికి వచ్చింది. “నీ పాడె...” అన్నాను. అంతే, ఆగిపోయాను. ఆ గది బయట వాకిట్లోనే అక్కకు పాడె కట్టారు. కోడలు తలుపు పట్టుకుని బిగుసుకుపోయింది.

మంచం కిర్రుమంది. బావ ఇటు తిరిగాడు. ముఖమంతా తడిగా ఉంది.

“ఆపినావేం మే? తిట్టు,” అన్నాడు. “మీ అక్కతో పాటు నేనూ పోయినట్టే మాట్లాడతా ఉండారు అందరూ.”

నేను మంచం అంచున కూలబడ్డాను. ఏడుపు తన్నుకొస్తున్నా ఆ మాట పూర్తి చేశాను. కోడలు కంచంలో అన్నం పెట్టి తెచ్చింది. ఆయన తినేదాకా తిట్టాను.