విలువ లేదని రాసిన పార్సెల్

నాకు పాత నాణేల పిచ్చి ఉంది. బంగారువీ వెండివీ కాదు, వాటి జోలికి పోయే జీతం కాదు నాది. రాగివి, కంచువి, అంచులు అరిగినవి, మా అమ్మ మాటల్లో చెప్పాలంటే రోడ్డు మీద పారేసినా ఎవరూ వంగి తీయనివి. అరకు లోయకు పైన ఒక ఆశ్రమ పాఠశాలలో సైన్సు చెప్పడానికి వచ్చి ఎనిమిదేళ్ళయింది. ఈ ఎనిమిదేళ్ళలో నా బీరువాలో చీరల కంటే నాణేల ఆల్బములే ఎక్కువయ్యాయి.

ఈ పిచ్చి ఉన్నవాళ్ళం ఒకరినొకరం ఎలాగో కనిపెట్టేస్తాం. సముద్రం ఒడ్డున ఉండే ఒక రిటైరైన రైల్వే ఉద్యోగి నాకు అలాగే దొరికారు. నేను బాబాయ్ గారూ అంటాను, ఆయన తల్లీ అంటారు. ఐదేళ్ళుగా ఫోన్లో మాట్లాడుకోవడమే తప్ప ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఆయన దగ్గర రెండున్నవి నాకు, నా దగ్గర రెండున్నవి ఆయనకు కొరియర్లో పంపుకుంటాం.

పార్సెల్ ఎలా పంపాలో కూడా ఆయనే నేర్పారు. పైన లావు మార్కరుతో "చెల్లని పాత పైసలు. విలువ లేదు" అని తెలుగులో రాయాలి. "విలువైనదని తెలిస్తే పదిమంది కళ్ళు పడతాయి తల్లీ, పనికిరానిదంటే ఎవడూ ముట్టుకోడు" అనేవారు. నాకు ఆ తెలివి ఎంత నచ్చిందంటే, అరకు నుంచి మా కొండకు జీపు నడిపే డ్రైవరుకు నోటితో కూడా చెప్పి ఉంచాను. "నా పార్సెల్లో ఏమీ ఉండవు, చెల్లని పైసలే" అని ప్రతిసారీ చెప్పేదాన్ని. మా స్కూలు దాకా కొరియర్ రాదు. అరకు బస్టాండు దగ్గర ఒంటిగది కౌంటరులో దిగుతుంది. అక్కడున్న అమ్మాయి దాన్ని జీపుకు అందిస్తే, జీపు మా కొండెక్కి నాకు అందిస్తుంది.

ఈ చైత్రంలో రావలసిన పార్సెల్ కోసం నేను మూడేళ్ళు ఎదురు చూశాను. అందులో ఒక చిల్లు కాణీ ఉంది. చిల్లు కాణీలు నాకు కొత్తేమీ కాదు, చిన్నప్పుడు మా పక్కింటి పిల్లల మొలతాళ్ళకు కూడా చూశాను. కానీ వాటి మీద కిరీటం గుర్తు అన్నిటికీ ఒకలా ఉండదు, అచ్చును బట్టి మారుతుంది. నా దగ్గర లేని కిరీటం ఒక్కటే మిగిలింది. బాబాయ్ గారికి అలాంటివి రెండు దొరికాయి. నెల రోజులు బతిమాలించుకుని ఒకటి ఇవ్వడానికి ఒప్పుకున్నారు.

ఒక మధ్యాహ్నం డ్రైవరు గేటు దగ్గర హారన్ కొట్టి, పార్సెల్ నా చేతిలో పెట్టి, జనంతో నిండిపోయిన జీపు ఇంజను ఆపకుండానే వెళ్ళిపోయాడు. గదిలోకి తెచ్చి చూస్తే ఒక మూల టేపు కోసి ఉంది. కోసినచోట అడ్డ నారతో చుట్టి గట్టిగా ముడి వేసి ఉంది. విస్తరాకులు కుట్టుకునే అడ్డ తీగ నుంచి తీసే నార అది, మా సంతలో కట్టలు కట్టి అమ్ముతారు. లోపల ఆరు చిన్న కాగితం కవర్లు, ఒక్కోదాని మీద బాబాయ్ గారి అంకె. ఐదింటిలో నాణేలు ఉన్నాయి. నాలుగో కవరు మాత్రం తేలిగ్గా ఉంది. తెరిచి బోర్లిస్తే నా అరచేతిలో చిటికెడు గింజలు పడ్డాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరో కాణీ నొక్కేసి, కిరాణా కొట్టు చెత్త కుక్కి పంపారనుకున్నాను. ఆ గింజల్ని కిటికీలోంచి విదిలించేశాను.

కోపం కాస్త చల్లారాక కుతూహలం మొదలైంది. ఆరింటిలో ఒకటే ఎందుకు తీసుకున్నారు? మిగిలిన ఐదింటిలో కాణీ కంటే పాతవి రెండున్నాయి, వాటిని ముట్టలేదు. కిరీటాల్లో తేడా తెలిసిన దొంగ ఈ కొండల్లో ఉన్నాడా? ఉంటే ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడాలనిపించింది. ఒక అరగంట బాబాయ్ గారినే అనుమానించాను, ఇవ్వడానికి మనసొప్పక ఖాళీ కవరు పంపారేమోనని. ఫోన్ చేస్తే ఆయన ఆరు కవర్ల జాబితా చదివి వినిపించారు. "నా చేత్తో పెట్టాను తల్లీ" అన్నారు. నాకు సిగ్గేసింది.

లాబ్‌లోంచి భూతద్దం తెచ్చి ముడిని చూశాను. రెండు పోగులు ఒకదాని కింద ఒకటి దూరి, ఎంత లాగితే అంత బిగిసే ముడి. దొంగతనం చేసినవాడు ఇంత శ్రద్ధగా కడతాడా అని ఆశ్చర్యపోయాను కానీ, ఆ ఆశ్చర్యాన్ని పట్టుకుని ముందుకు పోలేదు. డ్రైవరుకు ఫోన్ చేసి అడిగాను.

"దారిలో పార్సెల్ ఎవరైనా దొంగిలించారా?"

"ఏటి మేడమ్, మన దార్లో దొంగలేటి? ఎవులూ లేరు."

ఎనిమిదేళ్ళుగా తెలిసిన మనిషి, నమ్మాను. ఇక మిగిలింది కౌంటరులో అమ్మాయి. ఆమె చేరి మూడు నెలలే అయింది. ఎప్పుడు వెళ్ళినా తలెత్తకుండా తూకం వేసి రసీదు ఇచ్చేది. ఆ తలెత్తకపోవడమే నాకు సాక్ష్యంలా కనిపించింది. పిల్లలకు రోజూ ఆధారం లేకుండా తీర్మానం చేయకూడదని చెప్పే సైన్సు టీచర్ని నేను. కొరియర్ వాళ్ళ ఆఫీసుకు ఫోన్ చేసి, కౌంటరులోనే పార్సెల్ తెరిచారని ఫిర్యాదు ఇచ్చాను.

నాలుగు రోజుల తర్వాత జీపు డ్రైవరు గేటు దగ్గర దిగి చెప్పాడు. "ఆ కౌంటరు గుంటని పనిలోకి రావొద్దన్నారట మేడమ్. ఎవులిదో ఇలువైన వస్తువు పోనాదట, అది తేలేదాకా అంతే అన్నారట. ఆళ్ళింట్లో ఆ జీతమొక్కటే." తప్పు చేస్తే అనుభవించాలి అని మనసులో అనుకున్నాను. ఆ రాత్రి అన్నం మాత్రం సహించలేదు.

మా స్కూల్లో వంట చేసే అప్ప, చైత్రంలో ఇక్కడి ఊళ్ళవాళ్ళు విత్తనాలకు పూజ చేసే ఇటుకల పండగకు, పార్సెల్ రాకముందే సెలవు పెట్టి ఊరెళ్ళి ఉంది. ఆమె నాకంటే పదేళ్ళు పెద్ద, అందుకే అప్పా అంటాను. వాళ్ళ ఊరు మా కొండకు గంట నడక కింద, జీపు వచ్చే దారి మీదే ఉంది. డ్రైవరు ఆ మాట చెప్పిన మరుసటి రోజు తిరిగి పనిలోకి వచ్చి నా గదిలో టీ పెడుతూ, బల్ల మీదున్న నారను చేతిలోకి తీసుకుంది.

"ఇది మేం కట్టిన నారే కదా మేడమ్, ఇంకా దాసుకున్నారేటి?"

బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాను. "మీరు కట్టడమేమిటప్పా?"

అప్ప ఏ మాత్రం తడబడకుండా చెప్పింది. పండగరోజుల్లో మగవాళ్ళు వేటకు పోతే, ఆడవాళ్ళు దారికి అడ్డంగా దుంగ వేసి, పాటలు పాడుతూ వచ్చేపోయే బళ్ళను ఆపుతారు. ఎవరైనా ఏదో ఒకటి ఇస్తేనే దుంగ లేస్తుంది. ఇవన్నీ నాకు తెలుసు. నేనూ ఎన్నోసార్లు ఇచ్చాను.

"జీపాయన కింద మూడూర్లలోనూ ఇచ్చీసి వచ్చాడు, సిల్లర అయిపోనాది. ఫోన్లో డబ్బులు కొడతానన్నాడు. మా దుంగకి ఫోనేటి అని అందరం నవ్వాం. అప్పుడు ఆయనే అన్నాడు, మేడమ్ పార్సెల్లో సెల్లని పైసలున్నాయి, ఒకటి తీసుకోండి, ఆవిడేటీ అనరు అని. మీరే సెప్పారంట కదా, ఏటీ ఇలువ లేదని. అన్నీ సూసి సిల్లున్నది తీసుకున్నాం, దారం ఎక్కించడానికి బాగుంటాదని. బేగి కట్టీసి పంపించీసాం."

"మరి నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"సెప్పడానికేటుంది? బదులు గింజలెట్టాం కదా! పూజ సేసిన సోళ్ళు, మీరు రాగులంటారే, అవే. అందరిళ్ళ గింజలూ కలిపి పూజారి ఇచ్చినవి, ఆటితోనే ఈ ఏడు ఇత్తనం మొదలెడతాం. ఉత్తినే ఎవులి వస్తువూ తీసుకోం. అవేటి సేసారు?"

నేను కిటికీ వైపు చూశాను. దాని కింద హాస్టలు కోళ్ళు మట్టి గీకుతున్నాయి. అప్ప కూడా అటే చూసింది.

"పోన్లెండి, కోళ్ళు తిన్నా మంచిదే" అంది.

ఆఫీసుకు ఫోన్ చేస్తే, వస్తువు దొరికిందని కళ్ళతో చూసి చెబితేనే ఫిర్యాదు మూసేస్తామన్నారు. బడి వదిలాక అప్పతో కలిసి వాళ్ళ ఊరికి దిగాను. ఇంటి ముందు చాప మీద ఆడవాళ్ళు చింతపండులోంచి గింజలు తీస్తున్నారు. వాళ్ళ మధ్య అప్ప మనవరాలు, ఇంకా నడక రాని గుంట, చింతగింజలు పోగేసుకుంటూ కూర్చుంది. నడుముకు నల్ల మొలతాడు, దానికి నా కాణీ.

భూతద్దం తీసి పిల్ల ముందు కూర్చున్నాను. ఆ కిరీటమే. మూడేళ్ళుగా ఫొటోల్లో చూసుకున్న ఆ వంపే. అప్పుడే దాని అంచుకు చింతపండు జిగురు అంటుకుంది. పిల్ల భూతద్దం లాక్కోబోయింది. నిజం చెప్పాలంటే, ఆ తాడు తెంపుకుని కొండెక్కి పారిపోవాలనిపించింది.

అప్ప నా మొహం చూసి పసిగట్టింది. "అంత కావలసిందైతే తీసీమంటారా మేడమ్? మా గింజలు మాకు ఇచ్చీండి, మీది మీరు పట్టుకుపోండి. మాటేటుంది?"

ఆమె మాటలో వెటకారం లేదు. వాళ్ళ లెక్కలో అది మామూలు సంగతి, ఇచ్చినది తిరిగి ఇస్తే తీసుకున్నది తిరిగి వస్తుంది. నా దగ్గర గింజలు లేవు. ఏవో చోళ్ళు బజార్లో కొనుక్కొచ్చి ఇవ్వొచ్చు కానీ, అన్ని ఇళ్ళ గింజలు కలిసినవి బజార్లో దొరకవు. "ఉండనీ అప్పా" అన్నాను. నాకు బాధ కాణీ పోయినందుకే, ఎవరి దగ్గరా దాచను.

ఆ వీధిలోంచే సిగ్నలు దొరికే గట్టు మీదకెక్కి ఆఫీసుకు ఫోన్ చేశాను. వస్తువు నేను చూశాను, మీ కౌంటరులో ఎవరూ ముట్టుకోలేదు, పొరపాటు నాది అని చెప్పాను. ఆఖరి ముక్క రెండుసార్లు చెప్పించారు. బాబాయ్ గారికీ చేసి జరిగింది చెప్పాను. "పిల్ల మొలతాడుకా? దాన్ని అందుకే చేశారేమో తల్లీ" అన్నారు. రెండోది పంపుతానని మాత్రం అనలేదు, ఆయనా నాలాంటివారే.

మర్నాడు సెలవు పెట్టి అరకు దిగాను. ఆ అమ్మాయి తిరిగి కౌంటరులో కూర్చుని ఉంది. బాబాయ్ గారికి పంపవలసిన నాలుగు నాణేలు తీసుకెళ్ళాను, వట్టి చేతులతో నిలబడే ధైర్యం లేక. జరిగింది మొత్తం చెప్పాను. దుంగ, గింజలు, కోళ్ళు, ఏదీ దాచలేదు. నిన్ను అనవసరంగా అనుమానించాను, క్షమించమ్మా అన్నాను.

ఆమె మొదటిసారి తలెత్తి నన్ను చూసింది. కోపంగా లేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు చూసింది.

"ఒకటి అడగనా మేడమ్? ఆ పార్సెల్ మీద ఇలువ లేదని మీవోళ్ళే రాసారు. నేను సదివాను. మరి ఇలువ లేనిదానికి నా పనెందుకు ఆపీసారని ఇంటికాడ మాయమ్మ రోజూ అడిగింది. నాకు తెల్దే అన్నాను. ఏటి సెప్పమంటారు?"

వెనక ఇద్దరు మనుషులు వరుసలో నిలబడి ఉన్నారు. ఎనిమిదేళ్ళలో ఏ పిల్లా నన్ను అంత సూటి ప్రశ్న అడగలేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగితే ఆమె చూపు తిప్పుకుని, నా పార్సెల్ తూకం మీద పెట్టింది. పైన ఖాళీగా ఉండడం చూసి, డ్రాయరు లాగి మార్కరు నా వైపు జరిపింది.

"ఈసారి ఏటి రాస్తారు?"

మూత తీశాను. "పాత నాణేలు, నాలుగు. విలువైనవి" అని రాశాను. ఆమె పార్సెల్ తన వైపు తిప్పుకుని ప్రతి అక్షరం చదివింది. రసీదు మీద కూడా ఆ మాటే ఎక్కించి, చింపి నా చేతికిచ్చింది.