వానత్తయ్య బట్టల బుట్ట

వానత్తయ్యకి ఆకాశం మీద నమ్మకం లేదు. అది ఎంత నీలంగా ఉన్నా ఏదో దాస్తోందనే ఆమె అనుమానం. చేతిరుమాలంత మబ్బు ఏ మూలో కనబడితే చాలు, పొయ్యి మీద ఉన్నదాన్ని పొయ్యి మీదే వదిలేసి, "వాన! వాన! బట్టలు!" అని కేకలు పెడుతూ మెట్లన్నీ ఎక్కి డాబా మీదికి పరుగెత్తేది. తన బట్టలొక్కటే తెచ్చుకుంటే ఎవరికీ బాధ లేకపోయేది. ఆ భవనంలోని నాలుగిళ్ళ బట్టలూ దండేల మీంచి లాగేసి, ఒకటే బుట్టలో కుక్కి, కిందికి తెచ్చి మడతపెట్టి, ఇంటింటికీ తనే పంచేది. ఎవరివి ఎవరికి చేరతాయో ఆ మబ్బుకే తెలియాలి.

వాన మాత్రం పడేది కాదు.

ఆమె కోడలు పళ్ళ డాక్టరు దగ్గర కౌంటర్లో పనిచేసేది. పగలంతా నోళ్ళు తెరిచి అరిచేవాళ్ళని ఓదార్చి ఇంటికొస్తే, సాయంత్రం తలుపు తెరుచుకుని అరిచేవాళ్ళని ఓదార్చడం ఆమె రెండో ఉద్యోగం.

"అత్తయ్యా, ఇంకోసారి చూసి ఇవ్వచ్చు కదా!"

"చూసే ఇస్తున్నానమ్మాయ్. ఏం చేయను, నా కళ్ళకి చొక్కాలన్నీ ఒకేలా కనబడతాయి."

ఆ కళ్ళే ఊరి చివర కొండ వెనక పుట్టిన మబ్బుని వంటింటి కిటికీలోంచి పసిగట్టేవి. అడుగు తీసి అడుగు వేయనివ్వని మోకాళ్ళు, మబ్బు మాట వింటే చాలు, లేడిపిల్ల కాళ్ళయిపోయేవి.

ఒకరోజు ఆమె కొడుకు తొందరలో, మడతల్లో పైన ఉన్న చొక్కా వేసుకుని ఆఫీసుకి బయల్దేరాడు. అది పై అంతస్తులో ఉండే కండక్టర్ది. బస్సెక్కగానే జనం చుట్టూ మూగి టికెట్లడిగారు. అతను పుట్టు మొహమాటస్తుడు. కాదని చెప్పలేక ఒక పెద్దాయనకి సీటిప్పించి, ఇద్దరి తగువు తీర్చి, రాబోయే స్టాపులన్నీ ముందే కేకేసి చెప్పి, తన స్టాపులో దిగడం మర్చిపోయాడు.

"మీ కొడుకు పరువు పోయిందత్తయ్యా," అంది కోడలు.

"పోతే పోనీలే, పెద్దాయనకి సీటు దొరికింది కదా," అంది వానత్తయ్య.

అందరికంటే ఎక్కువ కోపం హెడ్‌మిస్ట్రెస్ గారిది. ఉద్యోగం మానేసి ఏళ్ళయినా ఆవిడ గొంతులో గంట మోగుతూనే ఉండేది. అన్నిటికంటే పై అంతస్తులో ఒంటరిగా ఉండేది. ఆవిడ తువ్వాళ్ళు రోజూ వానత్తయ్య ఇంటికీ, కోడలి గౌన్లు రోజూ ఆవిడ ఇంటికీ చేరేవి. ప్రతి సాయంత్రం వాటిని వేలి కొసన పట్టుకుని, సీరియల్ మొదలయ్యే వేళకి సరిగ్గా గుమ్మంలో నిలబడేది.

"నేను కూర్చోడానికి రాలేదు."

"అయ్యో, కూర్చోమని ఎవరన్నారు మేడమ్? కాస్త ఆ కుర్చీ మీద ఆనండి. ఈ వేపుడు ఉప్పు చూసి పెట్టండి."

ఉప్పు చూడటానికి అన్నం కావాలి కదా. అన్నం తిన్నాక కడుపు నిండి లేవలేరు కదా. సీరియల్ అయిపోయేది, వార్తలు అయిపోయేవి, చివరికి వాతావరణం చెప్పే అమ్మాయి నవ్వుకుంటూ వచ్చి, "రేపు ఆకాశం నిర్మలంగా ఉంటుంది," అనేది.

వానత్తయ్య టీవీకి మొహం దగ్గరగా పెట్టి, "నువ్వెప్పుడైనా కిటికీ తీసి చూశావా తల్లీ?" అని అడిగేది.

అప్పుడు లేచేది హెడ్‌మిస్ట్రెస్ గారు. "నేను కూర్చోడానికి రాలేదు. ఫిర్యాదు ఫిర్యాదే!"

వానత్తయ్య ఇంటికి కింద సెలూన్ అన్నయ్య, పైన కండక్టర్ తమ్ముడు ఉండేవారు. తోడబుట్టినవాళ్ళే. ఒకప్పుడు కింది ఇంట్లో ఒకటే కంచంలో తిన్నవాళ్ళు. మూడేళ్ళ కింద ఏదో పెద్ద మ్యాచ్, ఆఖరి నిమిషం, గెలుపు ఇటా అటా అని తమ్ముడు గోళ్ళు కొరుక్కుంటుంటే, అన్నం చల్లారిపోతోందని అన్న టీవీ కట్టేశాడు. తమ్ముడు తినకుండా లేచి పైకెళ్ళి వేరే ఇల్లు తీసుకున్నాడు. అప్పట్నుంచి మాటల్లేవు. రోజూ అన్న గుమ్మం ముందునుంచే మెట్లెక్కేవాడు, ఆ తలుపు ఒక గోడ అన్నట్టు.

వానత్తయ్య పుణ్యమా అని వాళ్ళ బట్టలు కూడా ఎప్పుడూ తారుమారే. అన్న తెల్ల కోటు తమ్ముడికీ, తమ్ముడి యూనిఫాం అన్నకీ వెళ్ళేవి. పాపం, ఇద్దరూ కోడలి దగ్గరికే వచ్చేవారు. "ఇది ఆయనకివ్వక్కా." "ఇది వాడికివ్వమ్మా." కోడలు నొచ్చుకుంటూ, క్షమాపణలు చెప్పుకుంటూ, పైకీ కిందికీ మోసేది.

ఒక సోమవారం సాయంత్రం హెడ్‌మిస్ట్రెస్ గారు గౌన్లతో కాకుండా, అరచేయంత ఇత్తడి తాళంతో వచ్చింది.

"డాబాకి వేసేస్తాను. ఎవరి బట్టలు వాళ్ళు తెచ్చుకునేటప్పుడే తీస్తాను. నేను కూర్చోడానికి రాలేదు."

వానత్తయ్య మొహం మబ్బుపట్టింది. అదే సమయానికి సెలూన్ అన్నయ్య వచ్చి ఇంకో మాట చెప్పాడు. "నా గురించి తాళమెందుకు మేడమ్. ఆదివారం ఖాళీ చేసేస్తున్నాను. ఊరికి ఆ కొసన గది చూసుకున్నాను." అని తల దించుకుని, "మెట్ల మీద వాడి అడుగులు వినడం, మాట్లాడకపోవడం... నావల్ల కావట్లేదు," అన్నాడు.

వానత్తయ్య చేతిలోని గరిటె అలాగే ఆగిపోయింది.

తాళం సంగతికి కోడలే ఉపాయం చెప్పింది. ఒక్కో ఇంటికి ఒక్కో రంగు దారం: మేడమ్‌కి ఎరుపు, అన్నకి ఆకుపచ్చ, తమ్ముడికి పసుపు, తమకి నీలం. కాలర్ లోపల చిన్న కుట్టు. కళ్ళు కనబడకపోయినా రంగులు తెలుస్తాయి కదా. ఆదివారం దాకా చూసి, ఇంకా తారుమారైతే తాళం.

"బంగారంలాంటి ఉపాయం అమ్మాయ్," అంది వానత్తయ్య. అంత త్వరగా ఒప్పుకోవడం చూసి కోడలికి అప్పుడే అనుమానం రావాల్సింది.

శనివారం పొద్దున్న తమ్ముడు తెల్ల కోటు పట్టుకుని దిగాడు. "ఇది ఆయనకివ్వక్కా." కోడలికి ఏడుపొచ్చినంత పనైంది. కాలర్ తిప్పి చూసింది. లోపల పసుపు దారం! అన్న కోటుకి తమ్ముడి రంగు. తనే తప్పు కుట్టిందా? దగ్గరగా పెట్టుకుని చూసింది. ఆమె కుట్టు ఎలుక కొరికినట్టుంటుంది. ఇదేమో చీమలబారు. ఎంత సన్నగా, ఎంత వరసగా ఉందంటే, కుట్టిన మనిషి కళ్ళు డేగ కళ్ళయి ఉండాలి.

వంటింట్లో వానత్తయ్య చిక్కుళ్ళు తుంచుతోంది.

"ఈ కుట్టెవరిదత్తయ్యా?"

"నీదే కదమ్మాయ్."

"నాదైతే వీధిలోంచి కూడా కనబడుతుంది."

"వానొచ్చేలా ఉంది," అంది వానత్తయ్య, కళ్ళు చికిలించుకుంటూ. కిటికీలోంచి ఎండ ఆమె మొహం మీద సూటిగా కొడుతోంది.

"అత్తయ్యా!"

చిక్కుళ్ళ గిన్నె పక్కన పెట్టింది. "ఊరికే వెళ్ళి తలుపు కొట్టమంటే ఎవరూ కొట్టరమ్మాయ్. సిగ్గు. చేతిలో ఏదో ఒకటుండాలి. ఒక తువ్వాలో, చొక్కానో. తిట్టడానికొచ్చానని చెప్పుకోవడానికైనా."

కోడలికి తను ఈ ఇంటికొచ్చిన మొదటి వారం గుర్తొచ్చింది. ఎవరూ తెలియదు. గదిలో కూర్చుని ఏడుస్తుంటే ఎవరో తలుపు కొట్టారు. తన గౌను వేలి కొసన పట్టుకుని, "నేను కూర్చోడానికి రాలేదు," అంటూ హెడ్‌మిస్ట్రెస్ గారు. ఆ రోజు రెండు గంటలు కూర్చుంది.

"మరి వీళ్ళిద్దరికీ మూడేళ్ళుగా బట్టలు మారుస్తూనే ఉన్నారుగా. ఒక్కసారీ మాట్లాడుకోలేదే!"

"ఎలా మాట్లాడుకుంటారు? మధ్యలో నువ్వున్నావుగా, అంత మర్యాదగా మోసుకెళ్ళి ఇవ్వడానికి!"

కోడలు నోరు పళ్ళ డాక్టరు దగ్గర తెరిచినట్టు తెరుచుకుంది.

"రేపు పెద్దాడు వెళ్ళిపోతాడు. ఒకే మెట్ల మీద ఉండి తలుపు కొట్టుకోలేనివాళ్ళు, ఊరి ఆ కొసకి వెళ్ళాక కొట్టుకుంటారా? చిన్నాడికి సాయంత్రం డ్యూటీ. యూనిఫాం డాబా మీదే ఆరుతోంది." వానత్తయ్య కిటికీలోంచి నాలుగు దిక్కులూ చూసి నిట్టూర్చింది. ఆకాశం ఇప్పుడే కడిగి బోర్లించిన పింగాణీ పళ్ళెంలా ఉంది. "ఒక్క మబ్బన్నా లేదు. ఎంతైనా నాకూ కాస్త సిగ్గుంటుంది కదమ్మాయ్."

కోడలు చున్నీ నడుముకి చుట్టుకుని మెట్లెక్కింది. కళ్ళు మిరుమిట్లు గొలిపే ఎండలో నిలబడి, గుండెలనిండా గాలి పీల్చుకుని అరిచింది.

"వాన! వాన! బట్టలు!"

వీధిలో పోయేవాళ్ళు తలెత్తి చూశారు. ఒకాయన గొడుగు విప్పాడు కూడా.

సాయంత్రం సీరియల్ వేళకి తమ్ముడు బనీనుతో దిగాడు. "అక్కా, నా యూనిఫాం?"

"ఏమో తమ్ముడూ, నా కళ్ళకి చొక్కాలన్నీ ఒకేలా కనబడతాయి. కింద ఇచ్చానేమో."

"తెచ్చిపెట్టక్కా, డ్యూటీ టైమవుతోంది."

"పొయ్యి మీద పాలున్నాయి."

"అత్తయ్య గారూ, మీరైనా..."

"మోకాళ్ళు బాబూ!"

అతను ఆశగా హెడ్‌మిస్ట్రెస్ గారి వైపు తిరిగాడు. ఆవిడ టీవీ మీంచి చూపు తిప్పలేదు. "నేను ఇక్కడ కూర్చోడానికి వచ్చాను," అంది.

అందరూ ఆవిడ వైపు తెల్లబోయి చూశారు. తమ్ముడు కాళ్ళీడ్చుకుంటూ దిగాడు. హెడ్‌మిస్ట్రెస్ గారు రిమోట్ తీసుకుని గొంతు పూర్తిగా తగ్గించింది. సీరియల్లో అందరూ నిశ్శబ్దంగా ఏడుస్తున్నారు. కింద చాలాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత మెల్లగా, ఒకే ఒక్కసారి, తలుపు చప్పుడు.

"నా చొక్కా."

"ఇస్తిరీ చేస్తున్నా. కాలర్ ఇలా నలిగుంటే నీ దగ్గర ఎవడు టికెట్ తీసుకుంటాడు?" ఆగి, "ఆ జుట్టేంట్రా?" అన్న గొంతు లేచింది. "ఎవడు కత్తిరించాడు? ఎవడో నీ తల మీద పగ తీర్చుకున్నాడు!"

"నీకెందుకు?"

"నాకెందుకా? మూడేళ్ళుగా కళ్ళముందే ఆ తల మెట్లెక్కుతుంటే సెలూన్ పెట్టుకున్నవాణ్ణి నాకెలా ఉంటుంది? కూర్చో!"

"డ్యూటీ ఉంది."

"వెనక ఒక్కటీ సరిచేస్తా. కూర్చోరా."

కత్తెర చప్పుడు పిట్టలా కిచకిచమంది. అది ఆగకుండానే అన్న అడిగాడు. "ఆ రోజు చివరికి ఎవరు గెలిచారు?"

"తెలీదు. ఎవర్నీ అడగలేదు. నువ్వు చూడలేదా?"

"నువ్వు లేచిపోయాక మళ్ళీ పెట్టలేదురా."

తలుపు సందులోంచి వినబడినంతవరకు, ముందు ఎవరు నవ్వారో తేలలేదు.

ఆదివారం సామాను బండి వచ్చింది. బండివాడికి కడుపునిండా అన్నం పెట్టి ఖాళీగా పంపించేశారు. సాయంత్రం హెడ్‌మిస్ట్రెస్ గారు ఇత్తడి తాళం తెచ్చి బల్ల మీద పెట్టింది. వానత్తయ్య బిక్కమొహం వేసింది.

"బట్టల బుట్ట మీద బరువు పెట్టుకోండి, గాలికి ఎగరకుండా," అంది ఆవిడ. "డాబాకి తాళం వేస్తే నేను రోజూ ఫిర్యాదుకి ఎక్కడికి పోవాలి?"

కింద ఇంట్లో మ్యాచ్ మోగుతోంది. "అన్నం చల్లారిపోతోందిరా!" అని అన్న. "ఒక్క నిమిషం అన్నయ్యా!" అని తమ్ముడు. టీవీ ఆగలేదు. కంచమే హాల్లోకి వెళ్ళినట్టు చప్పుడైంది.

వాతావరణం అమ్మాయి నవ్వుకుంటూ వచ్చింది. "రేపటి దాకా ఆకాశం నిర్మలంగా..."

"నువ్వెప్పుడైనా కిటికీ తీసి చూశావా తల్లీ?" అంది కోడలు. వానత్తయ్య వేపుడంతా కోడలి కంచంలో వేసేసింది.

అప్పుడు మొదలైంది, కిటికీ రేకు మీద టప్. మళ్ళీ టప్ టప్. మట్టి వాసన మెట్లెక్కి లోపలికొచ్చింది. కిందనుంచి అన్న గొంతు. "వానత్తయ్య గారూ! వాన అనుకుంటా! బట్టలు తెమ్మంటారా?"

వానత్తయ్య ఒక్క ఉదుటున కిటికీ దగ్గరికి వెళ్ళింది. కింద గుమ్మంలో, చేతిలో కంచాలతో, ఇద్దరూ పక్కపక్కనే తలలెత్తి చూస్తున్నారు.

"అబ్బే, వాన కాదు బాబూ!" అంది ఆమె, చినుకులు మొహం మీద కారుతుండగా. "పైనెవరో మొక్కలకి నీళ్ళు పోస్తున్నారు. మీరు తినండి!"

"పైన ఉండేది నేనే కదా!" అంది హెడ్‌మిస్ట్రెస్ గారు. "నా తువ్వాళ్ళు!"

"ష్! కూర్చోండి మేడమ్."

ఆవిడ కూర్చుంది. డాబా మీద నాలుగిళ్ళ బట్టలూ ఒకే దండెం మీద, ఎవరివి ఎవరివో తెలియకుండా, హాయిగా తడుస్తూ ఉండిపోయాయి.