సబిత హోటల్లో సద్ది గిన్నె

ఏడేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. పెద్ద మాటేమీ కాదు. అనడానికి ఒక్క క్షణం పట్టింది, దింపుకోవడానికి ఏడేళ్లు చాలలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. చెబితే "ఇంత చిన్నదానికా" అంటుంది. అలా అని నన్ను తేలిగ్గా క్షమించేస్తుందేమోనన్న భయంతోనే చెప్పలేదనుకుంటాను. మీకు నా ముఖం తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. పేరు మాత్రం అడగకండి.

నేను వనపర్తిలో ఒక ఆఫీసులో గుమాస్తాను. మా ఆఫీసుకు కూతవేటు దూరంలో, ఒక రేకుల షెడ్డులో, ఒడిశా నుంచి వచ్చిన భార్యాభర్తలు భోజనం హోటల్ పెట్టారు. భర్త నిరంజన్ రైసుమిల్లులో బస్తాలు మోయడానికి వచ్చినవాడు. నడుము దెబ్బతిని ఇక ఆ పనికి పనికిరాకుండా పోయాడు. భార్య సబితకు వంట వచ్చు. బతకాలి కదా, ఉన్నదేదో అమ్మి నాలుగు బల్లలు, ఒక పెద్ద పొయ్యి కొన్నారు. మొదట్లో మిల్లు కూలీలు తప్ప ఎవరూ వచ్చేవారు కాదు. ఆవనూనె వాసనకు మనవాళ్లు గుమ్మంలోంచే వెనక్కి తిరిగేవారు.

వాళ్లను నిలబెట్టింది నేనే. గొప్పకు చెప్పడం లేదు. నేను చేసిన తప్పు ఎంతటిదో తెలియాలంటే ఇది కూడా తెలియాలి. ఆవనూనె మాని పల్లినూనె వాడమన్నాను. పుంటికూర పప్పు, పచ్చిపులుసు ఎలా చేయాలో పొయ్యి పక్కన నిలబడి చెప్పాను. ఆఫీసులో ఒక్కొక్కరినీ బతిమాలి తీసుకెళ్లాను. పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు, మనం తినకపోతే ఎవరు తింటారు అని వాట్సాప్ గ్రూపులో రాశాను. ఆర్నెల్లు తిరిగేసరికి మధ్యాహ్నం అక్కడ కూర్చోవడానికి చోటు దొరికేది కాదు. సబిత నన్ను అన్నా అని పిలిచేది. ఆ పిలుపు నలుగురి ముందు వినబడితే నాకు బాగుండేది. మంచివాడినన్న పేరు ఎవరికి చేదు?

ఆ ఏడు ఎండాకాలంలో ఒక రోజు పని మీద బయటికి వెళ్లి, మూడు దాటాక హోటల్‌కు వచ్చాను. అన్నీ అయిపోయాయి. సబిత నసుగుతూ, తాము తినేది కొంచెం ఉందని చెప్పింది. వెనక గదిలోంచి ఒక సత్తు గిన్నె తెచ్చింది. ముందురోజు అన్నంలో నీళ్లు పోసి ఉంచినది. కొద్దిగా పులిసింది. పక్కన ఉల్లిగడ్డ, వేయించిన ఎండుమిరపకాయ. వాళ్ల భాషలో దానికేదో పేరు చెప్పింది. నాకు ఆ పేరు అక్కర్లేకపోయింది. ఆ వాసన తగలగానే నేను ధరూర్ అవతల మా ఊళ్లో, మా నాయనమ్మ ముందు కూర్చుని ఉన్నాను. వెనక గదిలోనే, బోర్లించిన డబ్బా మీద కూర్చుని, గిన్నె ఖాళీ చేశాను.

"మా అవ్వ గూడ గిట్లనే పెడ్తుండె" అన్నాను. సబిత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆమెకు ఇంకా చెప్పాను. మా అమ్మానాన్నలు పుణెలో ఇళ్లు కట్టే చోట మట్టి మోశారని, ఏడాదికి రెండు నెలలు మాత్రమే ఊళ్లో ఉండేవారని, పదో తరగతి దాకా నేను నాయనమ్మ పెట్టిన సద్ది తినే బడికి పోయానని. వనపర్తిలో ఈ సంగతి తెలిసిన మనిషి సబిత ఒక్కతే. ఆఫీసులో మాది వ్యవసాయ కుటుంబం అని చెప్పుకున్నాను. ఎన్నెకరాలని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మా సూపరింటెండెంటు సారుకు ఒక అలవాటు ఉండేది. అటెండర్లు ఏదైనా తప్పు చేస్తే "సద్ది తిన్న బుర్రలు గింతే" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. అందరికంటే ముందు నేను నవ్వేవాడిని.

మరుసటి ఏడు, మళ్లీ ఎండాకాలమే. హోటల్ నిండా జనం. సూపరింటెండెంటు సారు చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్లాడు. అక్కడ మూత తీసి ఉన్న సత్తు గిన్నె చూశాడు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని బల్లల మధ్యకు తెచ్చి నిలబడ్డాడు.

"ఏందిది? నిన్నటి పాసిపోయిన అన్నం దాసిపెట్టిన్రు. గిదే రేపు మనకు పెడ్తరా?"

సబిత గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. "కాదు సార్, మీకు పెట్టేది కాదు. గిది మేం తినేది."

"గిది మనుషులు తింటరా?"

ఆమె నా వైపు తిరిగింది. ఆమె ముఖంలో భయం లేదు. అదే ఇప్పటికీ నాకు గుర్తుండిపోయింది. నేను ఉన్నాను కాబట్టి ఇంకేం భయం లేదనుకుంది.

"అన్నా, నువ్ జెప్పు. నీకు ఎర్కే గదా."

అందరూ నన్ను చూశారు. సారు కూడా చూశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన అడిగింది అన్నం గురించి కాదు, నా గురించే అనిపించింది.

"నాకేం తెల్వదు సార్" అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. "వాసనైతే వస్తుంది" అని కూడా అన్నాను.

సబిత సారు చేతుల్లోంచి గిన్నె తీసుకుని, మూత పెట్టి, లోపలికి వెళ్లింది. నిరంజన్ నడుము మీద చేయి వేసుకుని గుమ్మంలో నిలబడిపోయాడు. ఎవరో అప్పటికే ఫొటో తీశారు. సాయంత్రానికి అది ఊళ్లోని గ్రూపులన్నింటికీ పాకింది. మా ఆఫీసు గ్రూపులో ఒకరు నన్ను అడిగారు, మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లింది నువ్వే కదా అని. దండం పెట్టే బొమ్మ వేసి, నేనూ మోసపోయాను, క్షమించండి అని రాశాను. మొదటిది తడబాటులో అన్నానని సర్ది చెప్పుకోవచ్చు. ఇది మాత్రం కుర్చీలో కూర్చుని, ఆలోచించి, అక్షరాలు సరిచూసుకుని రాశాను.

నెల తిరక్కుండానే షెడ్డు యజమాని ఖాళీ చేయమన్నాడు. ఆ నెలంతా నేను ఆ దారిన పోలేదు, వెనక వీధిలోంచి తిరిగి వెళ్లాను. చాలా రోజుల తర్వాత మిల్లుకు వెళ్లి అడిగాను. రాయచూరు వైపు పోయారని ఒకరు, తిరిగి ఒడిశాకే పోయారని ఇంకొకరు చెప్పారు. బయటికి వచ్చాక నాకు కలిగింది దుఃఖం కాదు. దొరకలేదు, బతికిపోయాను అనిపించింది. సిగ్గుగానే ఉంది, కానీ జరిగింది అదే.

ఎందుకన్నాను ఆ మాట? ఉద్యోగం పోతుందనా? పోదు. ఎవరైనా కొడతారనా? కొట్టరు. మహా అయితే నలుగురు నవ్వేవారు. వాళ్లకు సాయం చేయడం నాకు ఇష్టమే, వాళ్లకంటే ఒక మెట్టు పైన నిలబడి చేసినంతకాలం. వాళ్ల పక్కన కూర్చుని నేనూ ఇలాంటివాడినే అనాల్సి వచ్చేసరికి తెలియదనేశాను. మా అమ్మానాన్నలకు కూడా పుణెలో ఎవరో ఒకరు అన్నం పెట్టే ఉంటారు. వాళ్ల తరఫున మాట్లాడాల్సిన రోజు వస్తే ఆ మనిషి ఏం మాట్లాడాడో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

ఈ మధ్య మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు సద్దన్నం డబ్బాల్లో తెచ్చుకుంటున్నారు. కడుపుకు మంచిదట. మొన్న ఒకమ్మాయి, పెద్దల మాట సద్ది మూట అని ఊరికే అన్నారా సార్ అంటూ నాకూ కొంచెం పెట్టింది. చిన్నప్పుడు నేనూ ఇదే తిన్నానమ్మా అన్నాను. ఎవరూ నవ్వలేదు. నా పరువేమీ పోలేదు. అంత సులువుగా వచ్చింది ఆ మాట. ముద్ద మాత్రం నోట్లో పెట్టుకోలేదు. డబ్బా తిరిగి ఇచ్చేసి, ఆకలి లేదన్నాను.

ఆ రోజు సబిత అడిగినదానికి జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఆమెకు చేరదని తెలుసు. చేరినా ఆ షెడ్డు తిరిగి రాదు.

"ఎర్కే సార్. అది పాసిపోయింది కాదు, సద్ది. పోయిన ఎండకాలం గదే గిన్నెల, ఆ ఎన్క గదిల కూసోని నేను తిన్న. చిన్నప్పటిసంది గదే తిని పెరిగిన."