మా ఊరి వెరోనికా

తెరెసీన్‌కి కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఊళ్ళో అంతా అంటారు. అనేవాళ్ళకేం, ఎన్నైనా అంటారు. ఆవిడ పడ్డవి వాళ్ళు పడుంటే తెలిసేది.

కోటీశ్వరులుండే మొనాకోకి ఆనుకుని, కొండ అంచున, పాత కోటగోడ లోపల ఉన్న ఊరు మాది. పొద్దున్నే మేం బస్సెక్కి వాళ్ళ దుప్పట్లు ఉతకడానికి వెళ్తాం. సాయంత్రం వాళ్ళు కార్లెక్కి మా సందుల్లో ఫొటోలు తీసుకోవడానికొస్తారు. "అబ్బ, ఎంత బాగుందో! ఏమీ మార్చకుండా అలాగే ఉంచారు!" అంటారు. ఉంచామట! మార్చే స్తోమతుంటే ఉంచేవాళ్ళమా?

తెరెసీన్ పుట్టింది ఈ గోడ లోపలే, బావి సందులో చివరి ఇంట్లో. అద్దె ఇల్లే, కానీ వాళ్ళమ్మమ్మ నాటి నుంచీ ఉంటున్నారు. తాపీమేస్త్రీ బతిస్తాని పెళ్ళాడి అక్కడికే తెచ్చుకుంది. కూతురు క్లారిస్‌ని అక్కడే కంది. మొగుడు పోయింది కూడా ఆ మంచం మీదే. మొనాకోలో ఒక పెద్ద హోటల్లో ఇస్త్రీ చేసీ చేసీ కుడిభుజం కిందికి జారిపోయింది. ఆ హోటల్ ముందు గుమ్మంలోంచి ఒక్కనాడూ లోపలికెళ్ళలేదు. పనివాళ్ళకి వెనక గుమ్మం.

ఏడాదికి ఒక్కరోజు మాత్రం ఆవిడ ముందు నడిచేది. ఎప్పుడో మహమ్మారి వచ్చి ఊరు తుడిచిపెట్టుకుపోతుంటే, మా పెద్దలు మేరీమాతకి మొక్కుకున్నారు. ఈ గోడ లోపల నిద్రపోయేవాళ్ళే ఏటా ఆగస్టులో ఏసు శిలువ మోసిన కథ వేషాలు కట్టి ఊరేగుతామని. ఒక్కో వేషం ఒక్కో ఇంటిది, తల్లినుంచి కూతురికి, తండ్రినుంచి కొడుక్కి. శిలువ మోస్తున్న ఏసు ముఖం తుడిచిన వెరోనికా వేషం తెరెసీన్ వాళ్ళింటిది. ఆ తెల్లగుడ్డ రెండు చేతులా పట్టుకుని నడుస్తుంటే ఆవిడ భుజం జారినట్టే కనపడేది కాదు.

ఈ ఏడు గుడ్డ క్లారిస్‌కి ఇవ్వాలని అనుకుంది. ఇంతలో ఇంటి ఓనరు చచ్చాడు. కొడుకులు ఇల్లు అమ్మేశారు. కొన్నది అప్పటిదాకా మొనాకోలో ఉన్న మదాం బ్రాంట్. తల్లీకూతుళ్ళు సామాన్లు కట్టుకుని కిందికి, రైల్వేస్టేషన్ వెనక ఒక ఫ్లాట్‌లోకి దిగారు.

అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. కానీ తెరెసీన్‌కి మొక్కంటే మొక్కే. తిన్నగా రొట్టెల కొట్టుకెళ్ళి, ఉత్సవం పెద్ద మారియూస్‌ని నిలదీసింది.

"ఒరే మారియూస్, నేనిప్పుడు గోడ బయట పడుకుంటున్నాను. మొక్కు సంగతేంటో మీరంతా కూర్చుని తేల్చండి."

"నీకెందుకు వదినా ఆ గొడవ? ఎవరడిగారు నిన్ను?" అన్నాడు వాడు, పిండి చేతులు దులుపుకుంటూ.

"ఎవరో అడగాలా? పైనుంచి మేరీమాత చూట్టంలేదూ?"

నోటితో చెప్పాక ఇక విననట్టు ఎలా ఉంటారు? చిన్నగుడిలో మీటింగు పెట్టారు. మదాం బ్రాంట్ కూడా వచ్చి వెనక బల్లమీద కూర్చుంది. పాపం, మనిషి చెడ్డది కాదు. ఇల్లు అమ్మినవాళ్ళు "ఇది వెరోనికా ఇల్లు" అని ఊరించి అమ్మారు. ఇంటితోపాటు వేషం కూడా వస్తుందనుకుంది ఆ మహాతల్లి. అందరికీ కొత్త దుస్తులు కుట్టిస్తానని కూడా అంది. మనవాళ్ళు చొంగ కార్చుకున్నారు.

మారియూస్ గొంతు సవరించుకున్నాడు. "రూలు రూలే కదా వదినా. నువ్వే చెప్పావు. ఈ ఏడాదికి గుడ్డ మదాం గారికిద్దాం."

తెరెసీన్ లేచింది. లేవడం కాదు, భగ్గుమంది.

"రూలా? సరే, రూలే మాట్లాడుకుందాం. పిలాతు వేషగాడెక్కడ? ఒరేయ్ హోనోరే, నువ్వెక్కడ పడుకుంటున్నావురా? మీ అల్లుడి ఇంట్లో, మెంతోన్‌లో! ఇక్కడి ఇల్లు టూరిస్టులకిచ్చి! పేతురు వేషం వాడిది నీస్‌లో కాపురం. తాళం చెవి ఇంకా జేబులో వేసుకు తిరిగితే ఊళ్ళో ఉన్నట్టేనా? ఏసుప్రభువెక్కడ? అడుగో, తలొంచుకున్నాడు. ఒరేయ్ మారియూస్, నీ సంగతి చెప్పనా? కొట్టు పైనే ఉంటున్నానంటావు, ఆ పై గది కిటికీ తీసి ఎన్నేళ్ళయింది? అందరూ దొంగలే! నిజం చెప్పిన పాపానికి నేనొక్కదాన్నే వెధవనయ్యాను. సిగ్గులేదట్రా మీకు? ఈ గోడ లోపల నిజంగా నిద్రపోయేవాళ్ళెవరో లేవండి, చూస్తాను!"

ఒక్కడూ కదల్లేదు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోలేక నేల చూశారు. అప్పుడు వెనకబల్లమీంచి మదాం బ్రాంట్ మెల్లగా లేచి నిలబడింది. అడిగారు కదా అని లేచింది, అంతే. అందులో వెటకారం లేదు.

తెరెసీన్ ఆవిడ వైపు తిరిగింది. "జనవరిలో ఎక్కడుంటావమ్మా?"

"జనవరిలో... మంచుకొండల్లో అండీ."

"చూశారా!" అంది తెరెసీన్. కానీ ఆ అరుపులో పస లేదు. గెలిచింది, దాంతో ఊళ్ళో ఎవరూ లేరని తేలిపోయింది. అంతకన్నా ఏడుపేముంటుంది చెప్పండి?

మదాం బ్రాంట్ చేతిసంచిలోంచి తాళంచెవి తీసింది. "క్లారిస్‌ని ఊరేగింపు వారం మా ఇంట్లోనే పడుకోమనండి. అప్పుడు మొక్కు చెల్లుతుంది కదా?"

"నా కూతురు, తను పుట్టిన ఇంట్లో, చుట్టంలాగానా? నీ దయ అక్కర్లేదు! గుడ్డ తగలబెడతాను గానీ..."

"అమ్మా, ఇంక చాలు!" క్లారిస్ లేచింది. మొనాకోలో ఇళ్ళు తుడిచే పిల్ల, ఎప్పుడూ గొంతెత్తి ఎరగదు. "నీ కోపం నీది. వేషం నాది. చిన్నప్పట్నుంచీ దీనికోసమే చూస్తున్నాను. ఎవరిమీదో కసితో నాకు లేకుండా చేస్తావా?"

వెళ్ళి తాళంచెవి తీసుకుంది. తెరెసీన్ ఆ వారమంతా ఎదురుపడ్డవాళ్ళని కారంగా చూసింది, అంతే.

ఊరేగింపు రోజు వచ్చింది. మా దగ్గర వేషం చేతులు మారే పద్ధతొకటుంది. పొద్దున్నే తల్లి గుమ్మం బయట నిలబడి తలుపు తడుతుంది. కూతురు లోపల్నుంచి తీసి, గడప ఇవతలికి రాకుండానే గుడ్డ అందుకుంటుంది. తెరెసీన్‌కి ఇచ్చినప్పుడు వాళ్ళమ్మ కూడా, పొయ్యిమీద పాలు దించి, బయటికెళ్ళి, తన తలుపు తానే తట్టింది.

తెరెసీన్ స్టేషన్ వెనక నుంచి మెట్లన్నీ ఎక్కి వచ్చింది. బావి సందులో ఆగింది. తలుపుకి కొత్త నీలంరంగు వేశారు. బతిస్తా బిగించిన గొళ్ళెం పోయి, గంట నొక్కే మీట వచ్చింది. దాన్ని నొక్కలేదు. పిడికిలి బిగించి దబదబా బాదింది. పక్కిళ్ళల్లో టూరిస్టులు కిటికీలు తెరిచి ఫోన్లు పట్టుకున్నారు.

తలుపు తెరుచుకుంది. లోపల క్లారిస్, తెల్లటి దుస్తుల్లో, అచ్చం వాళ్ళమ్మమ్మ పోలికలతో. తెరెసీన్ గుడ్డ చాచింది. పిల్ల రెండు చేతులా అందుకుంది.

క్లారిస్ భుజం వెనకనుంచి మదాం బ్రాంట్ తొంగిచూసింది. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, ఎంతో ప్రేమగా పిలిచింది.

"అయ్యో, అక్కడే నిలబడిపోయారేం? లోపలికి రండమ్మా. మీ ఇల్లే అనుకోండి."

తెరెసీన్ గడప దాటలేదు.